సెప్టెంబరు 30న బడిలో ఎంతమంది?

మన దేశంలో బడి లెక్కలకి ఒక తేదీ ఉంది: సెప్టెంబరు 30. ఆ రోజుకి హాజరు పట్టీలో ఎంతమంది పేర్లున్నాయో అదే ఆ బడికి ఆ ఏటి లెక్క. 1990ల మధ్యలో డీపీఈపీ పథకంతో పాటు ‘డైస్’ అనే సమాచార పద్ధతి వచ్చింది. తర్వాత అదే ‘యూడైస్’ అయింది. ఏళ్ల తరబడి ఈ తేదీయే దానికి కొలబద్ద. ఎక్కడ టీచర్ పోస్టు ఉంచాలి, ఎక్కడ గది కట్టాలి, ఎన్ని పుస్తకాలు పంపాలి, అన్నిటికీ ఆ అంకెలే ఆధారం.

గద్వాల వైపు సెప్టెంబరుకి ఇంకో అర్థం ఉంది. సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ జోరుగా నడిచే రోజులవి. సాయంత్రం మొగ్గ రేకులు ఒలిచి, లోపలి కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి ఆ మొగ్గకి రుద్దాలి. ప్రతి మొగ్గకీ విడివిడిగా, చేత్తోనే. ఆగస్టులో మొదలైతే అక్టోబరు దాకా, ఒక్కోసారి ఆ పైన కూడా, ఒక్క రోజు ఆగే పని కాదది. 1990ల్లో, 2000ల మొదట్లో ఆ పని చేసినవాళ్లలో ఎక్కువమంది 7 నుంచి 14 ఏళ్ల మధ్య పిల్లలు. వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు.

అంటే దేశం బడి పిల్లల్ని లెక్కపెట్టే రోజున ఇక్కడి పిల్లలు చేలో ఉన్నారు. పట్టీలో పేరుంది, బడిలో పిల్ల లేదు. అంకె అబద్ధం చెప్పిందనలేం. దాన్ని మనం అడిగింది పేరుందా అని మాత్రమే. దానికి సరిగ్గానే జవాబు చెప్పింది.

“డేటా ఆధారంగా నిర్ణయాలు” అన్న మాట ఇప్పుడు విద్యాశాఖ మీటింగుల్లో మంత్రంలా వినిపిస్తుంది. మాది పాలమూరు. నేడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అని విడిపోయిన ఈ నేల గురించీ, దాని పొరుగు నేల గురించీ చదువుతుంటే నాకొకటి తట్టింది. ఇక్కడ చదువుకునే పిల్లల్ని లెక్కపెట్టడం కొత్తేమీ కాదు, 200 ఏళ్లుగా ఎవరో ఒకరు లెక్కపెడుతూనే ఉన్నారు. ఆ లెక్క ఎప్పుడు పిల్లకి పనికొచ్చింది, ఎప్పుడు రాలేదు? ఈ వ్యాసంలో నేను వెతుకుతున్నది ఆ తేడానే.

*

తుంగభద్ర దాటి దక్షిణంగా కొంత దూరం పోతే అప్పటి బళ్లారి జిల్లా. ఆదోని, గుత్తి, అనంతపురం అన్నీ అందులోవే. 1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లందరికీ ఒక నమూనా పట్టిక పంపించాడు. ఎన్ని బడులు, ఎందరు పిల్లలు, ఏ కులాలవాళ్లు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు, రాసి పంపమన్నాడు. బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో జవాబిచ్చాడు. తెలుగు చదువరులకి ఈ కాంబెల్ కొత్తవాడు కాదు. 1816లో వచ్చిన తెలుగు వ్యాకరణం ఈయనదే. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, వాటిది వేరే కుటుంబమనీ ఎల్లిస్ నిరూపించిన ముందుమాట ఆ పుస్తకంలోనే ఉంది.

కాంబెల్ లెక్క ఇది: జిల్లా జనాభా 9,27,857. బడులు 533. పిల్లలు 6,641 మంది. అంటే వెయ్యి మందికి సుమారు ఏడుగురు. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. మొత్తం పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది. ఆ 60 అనే అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

అయితే కాంబెల్ అంకెలు రాసి ఊరుకోలేదు. ఎందుకిలా ఉందో కూడా రాశాడు. దేశం పేదదవుతోందనీ, మధ్యతరగతి, కిందితరగతి జనం పిల్లల చదువు ఖర్చు మోయలేకపోతున్నారనీ, చిన్న పని చేసేపాటి సత్తువ రాగానే పిల్లల్ని కూలికి వాడుకోక తప్పడం లేదనీ ఆయన నివేదిక సారాంశం. బడి తగ్గడానికి కారణం బడిలో లేదు, ఇంట్లో ఉంది అని 1823లోనే ఒక అధికారి రాసిపెట్టాడు.

దాన్ని చదివి ఏం నిర్ణయించారు? అన్ని జిల్లాల జవాబులూ కలిపి మన్రో 1826లో ఒక నోటు రాశాడు. రాజధాని మొత్తంలో బడులు 12,498. జనాభాలో 67 మందికి ఒకరు చదువుతున్నారు. వెంటనే ఆయనే ఆ అంకెని సవరించాడు. జనాభాలో సగం ఆడవాళ్లు, వాళ్లని పక్కన పెడదాం అన్నాడు. బడి వయసు మగపిల్లల్నే తీసుకుందాం, ఇంట్లో చదువుకునేవాళ్లని కలుపుదాం అన్నాడు. అలా చేస్తే మగపిల్లల్లో మూడోవంతు దాకా చదువుతున్నట్టే లెక్క తేలింది. 67కి ఒకరు ఎక్కడ, ముగ్గురికి ఒకరు ఎక్కడ! పిల్లలు వాళ్లే, ఎవరితో భాగించామన్నదే మారింది. ఆ భాగహారంలో ఆడపిల్లలు మాట మాత్రంగా పక్కకి జరిగిపోయారు. 1983లో ధరంపాల్ ఈ కాగితాలన్నీ అచ్చువేశాక మన పాత చదువుల గొప్ప గురించి పెద్ద చర్చే నడిచింది. అందులోనూ ఒకరు ఒక భాగహారాన్నీ, ఇంకొకరు ఇంకో భాగహారాన్నీ పట్టుకున్నారు.

మన్రో పేదరికాన్ని ఒప్పుకున్నాడు గానీ ఆయన పథకం మాత్రం బడుల గురించే: జిల్లాకి రెండు పెద్ద బడులు, తాలూకాకి ఒకటి. మరుసటేడే, 1827లో, పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. పదేళ్లకి ఆ పథకం అటకెక్కింది. అంకెకి జవాబుగా బడి వచ్చింది, పోయింది. కారణాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

*

ఏటికి ఇవతల నిజాం రాజ్యం. 1881 నుంచి హైదరాబాదు రాజ్యంలోనూ జనగణన మొదలైంది. 1881, 1891ల్లో మనుషుల్ని మూడు గంపల్లో వేశారు: చదువుకుంటున్నవాళ్లు, చదువొచ్చినవాళ్లు, చదువు రానివాళ్లు. 1901లో ఆ మొదటి గంప తీసేశారు. 1911లో కొత్త కొలత వచ్చింది: స్నేహితుడికి ఉత్తరం రాసి, అతని జవాబు చదువుకోగలిగితే అక్షరాస్యుడు. 1991 నుంచి ఏడేళ్లు నిండినవాళ్లనే లెక్కలోకి తీసుకుంటున్నారు. కాబట్టి “అప్పుడింత, ఇప్పుడింత” అని గీత గీసే ముందు ఆ రెండుసార్లూ అడిగిన ప్రశ్న ఒకటేనా అని చూసుకోవాలి.

ఆ కాలపు గద్వాలకి ‘విద్వద్గద్వాల’ అని పేరు. సంస్థాన ప్రభువులు కవిపండిత సభలు పెట్టి సన్మానాలు చేసేవాళ్లు. వనపర్తిని ఇప్పటికీ ‘విద్యాపర్తి’ అంటారు. 1959లో అక్కడి రాజప్రాసాదంలోకి పాలిటెక్నిక్ వచ్చింది. ఆ కీర్తి నిజమే, ఆ చుట్టుపక్కల ఊళ్లలో సంతకం రాని జనం ఉన్నదీ నిజమే. కోట లోపలి పాండిత్యంతో కోట బయటి అక్షరాన్ని కొలవలేం.

ఇక్కడే గుర్తు చేయాల్సిన మనిషి ఒకరున్నారు. సురవరం ప్రతాపరెడ్డి, గద్వాల ప్రాంతంలోని ఇటికాలపాడులో 1896లో పుట్టినవాడు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకి ఎన్నికైనవాడు. తెలంగాణలో కవులు పూజ్యం అని ముడుంబ వేంకటరాఘవాచార్యులు అన్న మాటకి ఆయన 1934లో ‘గోలకొండ కవుల సంచిక’తో జవాబిచ్చాడు. 354 మంది కవులు అందులో ఉన్నారు. దీన్ని మనం సాహిత్య చరిత్రలో ఒక ఆత్మగౌరవ ఘట్టంగా చదువుకుంటాం. నేను దాన్ని ఒక సర్వేగా కూడా చదువుతాను. “మా దగ్గర బోలెడు మంది ఉన్నారు” అని ఆయన వాదించి ఊరుకోలేదు. మనిషి మనిషికీ పేరు, పద్యం పెట్టి చూపించాడు. దాంతో పూజ్యం అన్న మాట మళ్లీ లేవలేదు. ఇందాక చూసిన మన్రో లెక్కలో ఒక్క పిల్ల పేరు కూడా లేదు. ఈ తేడా బడి దగ్గర కూడా పనిచేస్తుందని ఆ తర్వాత 60 ఏళ్లకి తేలింది.

*

1970లో గుజరాత్‌లో హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తి వచ్చింది. హైబ్రిడ్ విత్తనం ప్రతి ఏడూ కొత్తగా తయారు కావాలి, తయారీ అంతా చేతి పనే. కర్నూలు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలు ఆ పనికి కేంద్రాలయ్యాయి. కంపెనీకీ రైతుకీ మధ్య ఆర్గనైజర్, రైతుకీ పిల్ల ఇంటికీ మధ్య అడ్వాన్స్. సన్నటి వేళ్లయితే మొగ్గ చెడదని చెప్పేవాళ్లు. అసలు సంగతి కూలి రేటు. కంపెనీ ఇచ్చే ధరకి పెద్దవాళ్లని పెట్టుకుంటే రైతుకి గిట్టదు.

ఈ పిల్లలు ప్రభుత్వ లెక్కల్లో ఎక్కడున్నారు? కూలి పొందే పని అని నమోదైతే బాలకార్మికులు. పట్టీలో పేరుంటే విద్యార్థులు. సొంత చేలో, అమ్మ వెంట, తమ్ముణ్ని చూసుకుంటూ ఉంటే ఏ గంపలోనూ లేరు. శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ ఈ మూడో గుంపు మీదే పట్టుబట్టారు. 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో పని మొదలుపెట్టినప్పుడు వాళ్లు తెచ్చిన నిర్వచనం చాలా చిన్నది: బడికి పోని ప్రతి పిల్లా బాలకార్మికురాలే. ఈ ఒక్క వాక్యంతో లెక్క పెరిగింది, దాంతో పాటు పనీ మారింది. ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకోవడం, ఆ పేర్లని ఊరి సభలో చదవడం, పెద్ద పిల్లల్ని బ్రిడ్జి క్యాంపుల్లో చదివించి వయసుకి తగ్గ తరగతిలో కలపడం. వాళ్ల పట్టికలో శాతం కన్నా ముందు పేరు ఉండేది.

అదే సమయంలో దావులూరి వెంకటేశ్వర్లు పొలాల్లోకి పోయి లెక్క తీశాడు. బడిలో ఎంతమంది అని అడగలేదు, ఈ ఎకరంలో ఎంతమంది, ఎవరు, ఏ కంపెనీ విత్తనం, ఎంత కూలి అని అడిగాడు. 2003లో వచ్చిన ఆయన నివేదిక బహుళజాతి విత్తన కంపెనీల పేర్లని ఆ ఎకరాలతో జతచేసింది. ఆ తర్వాతే కొన్ని కంపెనీలు మాట్లాడటానికి కూర్చున్నాయి. పిల్లలు లేకుండా పండించిన రైతుకి అదనపు ధర ఇస్తామన్నాయి. 2005లో లూసియా డా కోర్టాతో కలిసి ఆయన రాసిన అధ్యయనం కొనుగోలు ధరకీ బాల్యానికీ ఉన్న లంకెని లెక్కకట్టి చూపించింది. కాంబెల్ 1823లో ఒక పేరాలో రాసి వదిలేసిన కారణాన్ని ఈ లెక్క ధర అనే ఒక అంకె దాకా తెచ్చింది. ధర ఒకరు నిర్ణయించేది, కాబట్టి దాన్ని మార్చమని ఒకర్ని అడగొచ్చు.

ఇంకో రకం లెక్క కూడా ఇదే జిల్లాలో నడిచింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002లో ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 3,000 మంది పిల్లల్ని ఎంచుకుని అప్పటి నుంచీ వాళ్ల వెంటే నడుస్తోంది. మహబూబ్‌నగర్ అందులో ఒక జిల్లా. నిన్న ఎన్ని గంటలు నిద్రపోయావు, ఎన్ని గంటలు పని, ఎన్ని గంటలు బడి అని అడుగుతారు. వర్జీనియా మోరో, ఉమా వెన్నం 2009లో ఈ అధ్యయనం నుంచే పత్తి విత్తన పని మీద ఒక పత్రం రాశారు. అందులో కనిపించే పిల్లలు బడి మానేసినవాళ్లు కారు. సీజన్లో వారాల తరబడి రాకుండా, తర్వాత తిరిగొచ్చి, పోయిన పాఠం అందక తడుముకునేవాళ్లు. “బడిలో ఉంది”, “బడిలో లేదు” అనే రెండు గడుల పట్టికలో ఈ పిల్లకి చోటే లేదు.

*

సర్కారు కూడా అంకెల్ని బట్టి మంచి నిర్ణయాలు తీసుకుంది. 2004లో వచ్చిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలే అందుకు సాక్ష్యం. విద్యలో వెనకబడిన మండలాల్ని 2001 జనగణనని బట్టి ఎంచారు. రెండు షరతులు: గ్రామీణ స్త్రీల అక్షరాస్యత జాతీయ సగటు 46.13 శాతం కన్నా తక్కువ ఉండాలి, స్త్రీ పురుషుల మధ్య తేడా జాతీయ సగటు 21.59 కన్నా ఎక్కువ ఉండాలి. సొంత ఊళ్లో పొలానికి పోవాల్సిన ఆడపిల్లలు ఎందరో ఈ హాస్టళ్ల వల్ల చదువుకున్నారు.

కానీ ఆ రెండో షరతుని ఒకసారి కాగితం మీద వేసి చూడండి. ఒక మండలంలో మగవాళ్లు 60 శాతం, ఆడవాళ్లు 35 శాతం చదువుకున్నారనుకుందాం. తేడా 25, బడి వస్తుంది. ఇంకో మండలంలో మగవాళ్లు 40, ఆడవాళ్లు 20. తేడా 20, బడి రాదు. ఎక్కువ చీకట్లో ఉన్న ఊరికే దీపం రాదన్నమాట. 2008లో దీన్ని సరిచేశారు. స్త్రీల గ్రామీణ అక్షరాస్యత 30 శాతం కన్నా తక్కువుంటే తేడాతో పనిలేకుండా అర్హతే అన్నారు. సూత్రాన్ని ఎవరో ఊరి మీద పెట్టి చూశారు కాబట్టే అది మారింది.

సగటు చేసే ఇంకో మాయ 2016లో కనిపించింది. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55.04 శాతం, ఉమ్మడి రాష్ట్రం 23 జిల్లాల్లో అట్టడుగు. 2016 అక్టోబరు 11న జిల్లాని విడగొట్టారు. అవే 2011 అంకెల్ని కొత్త గీతల ప్రకారం పంచితే వనపర్తికి 55.67 వచ్చింది, జోగులాంబ గద్వాలకి 49.87. గద్వాలలో పదిమంది ఆడవాళ్లలో చదువొచ్చినవాళ్లు సుమారు నలుగురే. ఒక్కరు కూడా కొత్తగా నేర్చుకోలేదు, మర్చిపోలేదు. గీత చిన్నదయ్యేసరికి పెద్ద సగటు కింద దాక్కున్న గద్వాల రాష్ట్రంలోకెల్లా కింద తేలింది. 2023లో కేంద్రం ‘ఆకాంక్షిత బ్లాకు’ల జాబితా వేసినప్పుడు గీత ఇంకా చిన్నదై గట్టు మండలం కనిపించింది. సీడు పత్తి నేల అదే.

నాగర్‌కర్నూల్ వైపు నల్లమలలో గీతని ఎంత చిన్నది చేసినా చాలదు. అమ్రాబాద్ అడవుల్లో చెంచు పెంటలు కొన్ని ఇళ్లవే. 1940లో హైమెండార్ఫ్ వాళ్ల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. ఒక్కో పెంటని, ఒక్కో కుటుంబాన్ని విడిగా చూసినవాడు కాబట్టి ఆ పుస్తకం ఇప్పటికీ నిలబడింది. బడి నిబంధనలు ఇంకోలా నడుస్తాయి. ఇంతమంది పిల్లలుంటే ఇంతమంది టీచర్లు, ఇంతకన్నా తగ్గితే పక్క బడిలో కలిపేయడం. ఎనిమిది మంది పిల్లలున్న పెంట ఆ లెక్కలో ఎప్పుడూ ఓడిపోతుంది. ఆ ఎనిమిది మందీ చదివినా, చదవకపోయినా జిల్లా శాతం కదలదు.

*

సరే, అంకె సరైనదే అనుకుందాం, సరైన చేతికే అందిందనుకుందాం. అప్పుడు నిర్ణయం దానంతటదే మారుతుందా? దీన్ని మన రాష్ట్రంలోనే పరీక్షించారు. 2005–06లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి రాష్ట్రంలో ఐదు జిల్లాల్లో, పాలమూరు వాటిలో లేదు, ప్రభుత్వ బడుల మీద పెద్ద ప్రయోగం చేశారు. అందులో 100 బడుల్లో పిల్లలకి పరీక్ష పెట్టి, ఎవరికి ఏది రావడం లేదో వివరంగా రాసి టీచర్లకి ఇచ్చారు. ఆపైన అప్పుడప్పుడూ వచ్చి చూశారు. చూసేవాళ్లున్నప్పుడు టీచర్లు చురుగ్గా కనిపించారు. ఏడాది చివర పిల్లల మార్కులు మాత్రం మిగతా బడుల కన్నా మెరుగ్గా లేవు. రోగం పేరు రాసిన చీటీ ఒక్కటే మందు పనిచేయలేదు. అదే పరిశోధకులు మార్కుల మెరుగుదలకి బోనస్ కట్టిన వేరే బడుల్లో మార్కులు పెరిగాయి. అంటే డేటా పక్కన ఇంకేదో ఉండాలి: కారణమో, సమయమో, చేయి కలిపే మనిషో.

అంకెకి బలం ఎక్కువిస్తే ఇంకో చిక్కు. డొనాల్డ్ కాంబెల్ అనే అమెరికన్ పరిశోధకుడు 1976లో చెప్పింది క్లుప్తంగా ఇది: ఒక అంకె మీద ఎంత పెద్ద నిర్ణయం ఆధారపడితే ఆ అంకె అంత వంకరపోతుంది. బళ్లారి కాంబెల్‌కి ఈయన బంధువేం కాదు గానీ ఇద్దర్నీ కలిపి చదవొచ్చు. పట్టీలో పేరు కొట్టేస్తే పోస్టు పోతుందంటే పేరు ఎవరు కొట్టేస్తారు? నేను చదివిన పల్లెటూరి బడిలో హాజరు పిలిచేటప్పుడు సారు కొన్ని పేర్ల దగ్గర తలెత్తకుండానే తర్వాతి పేరుకి పోయేవాడు. మాకది మామూలే. కొన్ని పట్టీలో ఉండే పేర్లు, కొన్ని బడిలో ఉండే పేర్లు. ఆ సారుని తప్పుపట్టలేను. ఆయన ఆ పేర్లని నిలబెట్టింది మిగిలిన మాకు రెండో టీచర్ ఉండాలనే.

*

ఇప్పుడు పరిస్థితి మారుతోంది. 2022–23 నుంచి యూడైస్ బడి లెక్కతో ఆగకుండా ఒక్కో పిల్ల వివరం విడిగా తీసుకుంటోంది. పిల్లకో శాశ్వత నంబరు వచ్చింది. తెలంగాణలో 2022 ఆగస్టు నుంచి ‘తొలిమెట్టు’ కింద ప్రైమరీ బడుల్లో ఎవరికి చదవడం వచ్చు, ఎవరికి రాదు అని పిల్లవారీగా చూస్తున్నారు. ఎం.వి. ఫౌండేషన్ నోటుబుక్కులో రాసుకున్న పేర్ల జాబితా ఇప్పుడు సర్వర్‌లోకి ఎక్కిందనుకోవచ్చు.

తేడా ఎక్కడుందంటే, ఆ నోటుబుక్కు ఊళ్లోనే ఉండేది. పేరు చూసిన మనిషే సాయంత్రం ఆ ఇంటికి పోయి “అక్కా, పాప బడికి రాలేదేం?” అని అడిగేది. సర్వర్‌లో పేరు పైకి పోతుంది, కిందికి ఒక శాతంగా తిరిగొస్తుంది. టీచర్ యాప్‌లో నింపుతుంది, మండలం నుంచి రంగుల పట్టిక వస్తుంది. పట్టికలో గట్టు ఎర్రగా ఉంటే ఆ టీచర్ చేతిలో కొత్తగా ఏం పెట్టాం? వలస పోయిన ‘పాలమూరు లేబర్’ పిల్ల నంబరు పట్టుకుని అవతలి ఊళ్లో ఎవరైనా వెతుకుతారా? నిర్ణయం తీసుకునేవాళ్లని అడగాల్సింది ఇదే. ఏ నెలలో లెక్కపెడుతున్నారు, ఎవర్ని బడిలో ఉన్నట్టు లెక్కేస్తున్నారు, ఆ లెక్క చూసి ఎవరు ఎవరి ఇంటికి పోతారు.

మనం ఇంకా 2011 జనగణన అంకెలే వాడుతున్నాం. కొత్త లెక్క 2027లో. 2001లో సీడు పత్తి చేలో ఉన్న పదేళ్ల పిల్ల 2011 నాటికి 20 ఏళ్లది. ఆ 49.87లో లేని మిగతా సగంలో ఆమె ఉండొచ్చు. 2027కి ఆమెకి 36 ఏళ్లు. ఎన్యూమరేటర్ వచ్చి చదవడం రాయడం వచ్చా అని అడిగితే ఆమె చెప్పే జవాబు మనం మార్చగలిగింది కాదు. ఆమె పిల్లలు ఇప్పుడు బడి వయసులో ఉన్నారు. వాళ్లు బడిలో ఉన్నారా లేదా అన్నది సెప్టెంబరులో ఏదో ఒక పొద్దున గట్టుకో, ధరూరుకో, మల్దకల్‌కో పోయి, ముందు బడి, తర్వాత చేను చూసొస్తే తెలిసిపోతుంది.